మంద పెట్టిన చోట

మంచు ఇంకా పూర్తిగా లేవలేదు.
మడత పెట్టడం మరిచిన దుప్పటిలా
పచ్చికబయలు మీద అక్కడక్కడా పడుంది.
దాని అంచు కరిగి కారే చోట,
నిరుటి గడ్డి నేలకి అతుక్కుని
తడిజుట్టులా ఉన్న చోట,
ఊదారంగు మొన ఒకటి.
పక్కన ఇంకోటి.
ఎండ వాలుమీదికి వచ్చేసరికి
లెక్కపెట్టడం మానేశాను.

తాత్రా కొండల్లో ఏప్రిల్ మొదటివారం.
క్రోకస్ అంటారు దీన్ని.
కుంకుమపువ్వుకి వేలువిడిచిన చెల్లెలు,
వంటింటి గడప తొక్కనిది,
తూకానికి అమ్ముడుపోనిది.

లుద్వికా తాడు పక్కన నిలబడింది.
రబ్బరు బూట్లు, అన్న పాత కోటు,
మెడలో ఈల.
ఆదివారం. కింద బస్సులు ఆగుతూనే ఉన్నాయి.
ఫొటో కోసం పూలమధ్య పడుకోబోయిన
కొత్త పెళ్లికూతుర్ని ఈలేసి లేపింది.
"నువ్వు పడుకున్నంత మేరా తల్లీ,
వచ్చే ఏడు
నీ ఆకారంలోనే బోడినేల ఉంటుంది."
పెళ్లికొడుకు నవ్వాడు. ఆ పిల్ల నవ్వలేదు.
గౌను అంచు రెండు చేతులా ఎత్తిపట్టుకుని
మునివేళ్లమీద వెనక్కి వచ్చింది.

జనం పలచబడ్డాక
ఫ్లాస్కులోంచి టీ పోస్తూ చెప్పింది.
వాళ్ల నాన్న ష్చెపాన్
పన్నెండో ఏటనుంచి ఇక్కడే గొర్రెలు కాశాడు.
మే నెలలో మందని తోలుకొచ్చి
సెప్టెంబరు ఆఖరున దిగేవాడు.
చలికాలమంతా ఆయన చొక్కాల్లో
పొగపెట్టిన జున్ను వాసన.
ఈ పువ్వుని మాత్రం చూడలేదు.
ఆయన వచ్చేసరికి అది పోయేది.
అది వచ్చేసరికి ఆయన
కింద ఊళ్లో, కొట్టంలో,
ఈనుతున్న గొర్రె పక్కన
మోచేతులదాకా నెత్తురుతో.

తర్వాత గొర్రెలొద్దన్నారు.
కొండకి విశ్రాంతి కావాలట.
మంద దిగింది, గంటలు దిగాయి,
కుక్కలు వెనక్కి వెనక్కి చూస్తూ దిగాయి.
ఆయన కర్రని సూరులో దోపి
రంపపు మిల్లులో కుదిరాడు.

కొరికే నోరు లేదు, తొక్కే గిట్ట లేదు,
ఇక పువ్వుదే రాజ్యం అనుకున్నారు.
గడ్డి మోకాలెత్తు లేచింది,
మంచు బరువుకి పడింది, కుళ్లింది,
చాపమీద చాపగా పరుచుకుంది.
స్ప్రూస్ మొక్కలు పిలవని చుట్టాల్లా
అంచులనుంచి ఏడాదికో అడుగు లోపలికొచ్చాయి.
ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలా
ఊదారంగు పలచబడుతూ పోయింది.

చివరికి మళ్లీ కబురు పెట్టారు:
ఇన్ని గొర్రెలే, ఇన్ని రోజులే, అని.
ష్చెపాన్ ఆ ఉత్తరం
కూతురిచేత రెండుసార్లు చదివించుకున్నాడు.
ఏమీ అనలేదు.
సూరులోంచి కర్ర లాగితే
పురుగు తిన్నచోట విరిగింది.
ఆ రాత్రే కొత్తది చెక్కుకున్నాడు.

"మరి ఆయన ఎప్పుడైనా చూశాడా?" అడిగాను.

"మోకాళ్లు పనిచెయ్యడం మానేశాక,
ఓ ఏప్రిల్లో, గుర్రబ్బండిమీద తీసుకొచ్చా.
టోపీ తీశాడు.
ఏడుస్తాడేమో అని రుమాలు వెతుక్కున్నా.
రంగు బాగా చిక్కగా ఉన్నచోటుని
కర్రతో చూపించి,
'రాత్రిళ్లు ఇక్కడే మంద పెట్టేవాణ్ని' అన్నాడు.
'చూడు, దడి ఎక్కడిదాకా ఉండేదో
ఇప్పటికీ తెలుస్తోంది.'"

నేనూ చూశాను.
నాలుగు మూలలు కాదు, ఓ మూల కొంచెం వంకర,
అక్కడ బండరాయి అడ్డొచ్చి ఉంటుంది.

మబ్బు పట్టింది.
పువ్వులన్నీ ఒక్కసారే కాకపోయినా
ఒకదాన్ని చూసి ఒకటి ముడుచుకున్నాయి.
లుద్వికా టీ అడుగు పారబోసి,
రాతిమీద కూచుని,
బూటు అడుగున ఇరుక్కున్న నిరుటి పెంటికని
పుల్లతో పెళ్లగించి తీసింది.
అటూ ఇటూ చూసి
తాడుకి అవతల,
లోపలికి, విసిరింది.